భర్త చనిపోయినంక ఆగిపోయిన రైతు పైసలు: ఒక కుటుంబం కేసు మొదటి నుంచి

పాలమూరు వైపు ఒక మండలంలో రైతుల భూమి కాగితాలు, స్కీం పైసల పని చూస్తుంటా, పారాలీగల్ గా. నా దగ్గరికి "పైసలు పడ్తలేవు" అని వచ్చేవాళ్లలో చాలామంది భర్త చనిపోయిన ఆడవాళ్లు. ఈ కేసు కూడా అలాంటిదే, కానీ ఇందులో దాదాపు అన్ని రకాల చిక్కులూ ఒక్క ఇంట్లోనే ఉన్నయి కాబట్టి మొత్తం రాస్తే ఈ పని చేసే వేరేవాళ్లకి, ముఖ్యంగా ఏఈవోలకి (ఊర్లలో తిరిగే వ్యవసాయ విస్తరణ అధికారులు), మీసేవ వాళ్లకి, సంఘాల్లో తిరిగే అక్కలకి పనికొస్తదనిపించింది. ఊరు పేరు, మనుషుల పేర్లు రాయట్లే. ఆమెని అక్క అనే అంటా, నేను పిలిచేది అట్లనే.

ముందు కుటుంబం సంగతి. అక్కకి యాభైకి దగ్గర ఉంటది. భర్త 2023 సెప్టెంబర్ లో పొలం దగ్గరే గుండెపోటుతో పోయిండు. ఇద్దరు కొడుకులు, పెద్దోడు హైదరాబాద్ లో ఆటో నడుపుతడు, చిన్నోడు ఇంటికాడ వ్యవసాయం. బిడ్డ పెళ్లయ్యి కర్నూలు వైపు ఉంటది. అత్త కూడా ఉంది, వీళ్లింట్లోనే. వీళ్లు దున్నేది మొత్తం ఐదున్నర ఎకరాలు, ఎక్కువ పత్తి, కొంచెం కంది. అందులో 2 ఎకరాల 20 గుంటలు భర్త పేరు మీద పట్టా. ఒక ఎకరం 2009 లో పక్క రైతు దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాయించుకుని కొన్నది, అంటే సదాబైనామా. ఇంకో రెండెకరాలు కౌలు, ఆ పట్టాదారు టౌన్ లో ఉంటడు. ఈ మూడు ముక్కలు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేల మీద చూస్తే మూడింటిలో అవే గట్లు, అదే పత్తి, అదే అక్క, కానీ సర్కారు పైసలు మాత్రం మూడు వేరే వేరే మనుషులకి పోతున్నయి.

ఆమె నా దగ్గరికి వచ్చింది 2025 ఫిబ్రవరిలో. అప్పుడే రైతు భరోసా (ఎకరాల లెక్కన ఇచ్చే పెట్టుబడి సాయం, ఇంతకుముందు రైతు బంధు) పడుతోంది, జనవరి 26 న స్కీం మొదలుపెట్టి ముందు ఎకరం లోపు వాళ్లకి, తర్వాత రెండెకరాలు, మూడెకరాలు ఇట్ల విడతలుగా వేసుకుంటూ పోయిన్రు. చుట్టుపక్కల ఇండ్లలో ఫోన్లు మోగుతున్నయి, ఈమె ఫోన్ మోగలే. ఒక ప్లాస్టిక్ కవర్ లో పట్టాదారు పాసుపుస్తకం, రెండు బ్యాంకు పాసుబుక్కులు, ఆధార్ కార్డులు, డెత్ సర్టిఫికెట్ లామినేషన్ చేయించింది, ఇంకా ఏవో మందుల చీటీలు, అన్నీ కలిపి తెచ్చింది. "ఆయన ఉన్నప్పుడు అన్నీ పడ్డయి తమ్మీ, ఆయన పోయినంక ఒక్కటి పడలే" అన్నది.

ఇక్కడ నేను అందరికీ చెప్పే మొదటి మాట. పైసలు పడలేదు అంటే ఏ పైసలు, ఏ సీజన్ వి, ఏ దారిలో రావాల్సినవి అని విడదీయకుండా ఒక్క దరఖాస్తు కూడా రాయొద్దు. బయటికి అన్నీ రైతు పైసలే అనిపిస్తయి గాని లోపల దారులు వేరు. రైతు బంధు గానీ ఇప్పటి రైతు భరోసా గానీ రాష్ట్రానిది, అది పట్టాదారు పాసుపుస్తకం నంబరు (టీ అక్షరంతో మొదలయ్యేది) మీద ఉన్న విస్తీర్ణం చూసుకుని, ఏఈవో దగ్గర ఎక్కిచ్చిన బ్యాంకు ఖాతా నంబరుకి నేరుగా పోతది. పీఎం కిసాన్ కేంద్రానిది, ఏడాదికి 6,000, మూడు సార్లు 2,000 చొప్పున, అది ఖాతా నంబరు చూడదు, ఆధార్ నంబరు చూస్తది, ఆ ఆధార్ కి ఏ బ్యాంకు లింకై ఉందో ఆ బ్యాంకుకి పోతది. కాబట్టి ఒకటి ఆగితే పోవాల్సిన చోటు రైతు వేదిక (ఏఈవో కూర్చునే చోటు), ఇంకోటి ఆగితే పోవాల్సిన చోటు బ్యాంకు గానీ మీసేవ గానీ. జనం ఈ రెండింటినీ కలిపేసి, రైతు భరోసా పడలేదని బ్యాంకు మేనేజర్ తో, పీఎం కిసాన్ పడలేదని ఏఈవోతో కొట్లాడుతుంటరు, పాపం ఆ ఇద్దరూ ఏం చేయలేరు.

సరే, ముందు ఆమె రెండు పాసుబుక్కులూ, భర్త పాసుబుక్కూ ప్రింట్ కొట్టించుకుని రమ్మన్న. ఎంత మంది అడిగినా ఇదే చెప్తా, ఎంట్రీలు లేకుండా మాట్లాడితే అంతా ఊహే. ప్రింట్ వచ్చినంక కథ మొత్తం లైన్ లైన్ గా కనబడ్డది.

భర్త ఖాతాలో 2018 తర్వాతి రబీ నుంచి రైతు బంధు వరుసగా ఉంది. కొత్తవాళ్లకి రెండు ముక్కలు చెప్తా, రైతు బంధు 2018 మే 10 న హుజూరాబాద్ దగ్గర శాలపల్లిలో మొదలైంది, మొదటిసారి చెక్కులు పంచిన్రు, ఎకరానికి సీజన్ కి 4,000, తర్వాత రబీ నుంచి ఖాతాలో వేసుడు, 2019 వానాకాలం నుంచి 5,000 అయింది. ఇప్పుడు రైతు భరోసా 6,000. ఈయన ఖాతాలో 2023 వానాకాలం 12,500 కూడా పడ్డది, రెండున్నర ఎకరాలకి లెక్క సరిగ్గా ఉంది. ఆ తర్వాత సెప్టెంబర్ లో మనిషి పోయిండు. యాసంగిది రాలే.

ఎందుకు రాలే అంటే, రైతు బీమా. భర్తకి 59 దాటలే కాబట్టి రైతు బీమా ఉంది, 18 నుంచి 59 ఏండ్ల పట్టాదార్లకి ప్రీమియం సర్కారే కడ్తది, ఏ కారణంతో చనిపోయినా 5 లక్షలు. ఏఈవో వచ్చి డెత్ సర్టిఫికెట్ తీసుకుని, నామినీగా అక్క పేరు ముందే ఉంది కాబట్టి వివరాలు పంపిండు, నెల తిరగకముందే 5 లక్షలు ఆమె ఖాతాలో పడ్డయి. ఒక్క లంచం లేదు, ఒక్కసారి కూడా ఎమ్మార్వో ఆఫీసు గడప తొక్కలే. ఇది నిజంగా మంచిగ కట్టిన స్కీం, నేను ఎక్కడైనా చెప్తా. కానీ అదే ఎంట్రీతో ఆ పాసుపుస్తకం మీద పట్టాదారు చనిపోయిండు అని రికార్డు అయింది, రైతు బంధు లిస్టులో ఆ పేరు ఆగింది. ఆగడం న్యాయమే, చనిపోయినాయన ఖాతాలో పైసలు వేయొద్దు కదా. కాకపోతే ఆగిన పైసలు మళ్లీ ఎవరి పేరు మీద మొదలవ్వాలి, దానికి ఏం చేయాలి అని ఆ రోజు ఆ ఇంట్లో ఎవ్వరూ చెప్పలే. బీమా పైసలు వచ్చినయి, పెద్దకర్మ అయింది, అందరూ ఎవరి పనుల్లో వాళ్లు పడ్డరు.

నా పనిలో పదే పదే కనబడేది ఇదే. బీమాకి మనిషి బతికి ఉన్నప్పుడే నామినీ ఎవరు, ఆమె ఆధార్ ఏది అని రాసి పెట్టుకున్నరు, అందుకే మనిషి పోయిన రోజు నుంచి పైసలకి దారి రెడీగా ఉంది. పెట్టుబడి సాయానికి అట్లాంటిది ఏదీ లేదు. అది పూర్తిగా భూమి రికార్డు మీద నడుస్తది, రికార్డులో చనిపోయినాయన పేరు ఉన్నంత కాలం ఆ భూమికి రైతే లేనట్టు. బీమా క్లెయిమ్ కాగితం మీద సంతకం తీసుకున్న రోజే విరాసత్ (చనిపోయినాయన భూమి వారసుల పేరు మీదికి మార్చుడు) దరఖాస్తు కూడా చేయిస్తే ఎన్నో ఇండ్లలో సగం బాధ తప్పుతది.

ఈ ఇంటికి ఎంత పోయిందో లెక్క వేసిన. 2023-24 యాసంగి 12,500. 2024 వానాకాలం ఎవ్వరికీ పడలే కాబట్టి అది లెక్కలో లేదు. 2024-25 యాసంగి 15,000. అంటే 27,500 కేవలం విరాసత్ చేయించుకోనందుకు. ఆ పాత సీజన్ల పైసలు పేరు మారినంక వెనక్కి ఇవ్వరు, ఇస్తరని ఆశ పెట్టొద్దు కూడా. అక్కకి ఈ సంగతి మొదటి రోజే చెప్పేసిన.

ఇప్పుడు పీఎం కిసాన్. ఇక్కడ ఉల్టా జరిగింది. రాష్ట్రం స్కీంలో ఆయన చనిపోయినట్టు ఎక్కింది గాని కేంద్రం పోర్టల్ లో ఎవరూ ఎక్కించలే. 2023 నవంబర్ ది ఒక 2,000, 2024 ఫిబ్రవరిది ఒక 2,000 చనిపోయినాయన ఖాతాలో పడ్డయి. చిన్నోడి దగ్గర ఏటీఎం కార్డు ఉంది, పురుగుల మందుకి తీసి వాడుకున్నడు. వాడికి అది తప్పని కూడా తెల్వదు, నాయన పైసలే కదా అనుకున్నడు. తర్వాత వెరిఫికేషన్ లో పేరు ఆగింది. నేను చెప్పింది ఏందంటే కొత్తగా అమ్మ పేరు మీద దరఖాస్తు పెట్టకముందే ఆ 4,000 పోర్టల్ లో ఆన్ లైన్ రీఫండ్ కింద కట్టేయమని. కట్టిన రసీదు ఫైల్ లో పెట్టిన. కొందరు ఎవరు అడుగుతరులే అంటరు, నేను ఒప్పుకోను, అదే ఇంట్లో రేపు అమ్మ దరఖాస్తు వెరిఫికేషన్ కి పోయినప్పుడు పాత రికవరీ ఒకటి అడ్డం పడితే ఆమెకే నష్టం. పైగా చనిపోయిన మనిషి పేరు మీద తీసుకున్న పైసలు ఇంట్లో ఉంచుకోవడం కరెక్ట్ కాదు, అంతే.

విరాసత్ దగ్గర అసలు పని

అప్పటికింకా ధరణి (సర్కారు భూమి రికార్డుల పోర్టల్) నడుస్తోంది, దాని బదులు భూభారతి 2025 ఏప్రిల్ 14 న వచ్చింది, మేం చేసింది మార్చిలో. ధరణిలో విరాసత్ అంటే వారసులందరూ ఒప్పుకుని జాయింట్ గా కాగితం ఇవ్వాలి, స్లాట్ బుక్ చేసుకోవాలి, ఆ రోజు అందరూ తహసీల్దార్ ఆఫీసుకి వచ్చి వేలిముద్ర పెట్టాలి. ఒక్కరు ఒప్పుకోకపోయినా అక్కడ ఏం కాదు, కోర్టుకి పోవాల్సిందే. భూభారతిలో విచారణ, నోటీసు, 30 రోజుల గడువు, ఆర్డీవో దగ్గర అప్పీలు లాంటివి పెట్టిన్రు, అది మెరుగే. కానీ అప్పుడు మా ముందున్నది ధరణే.

వారసులు ఎవరు అని అడిగితే ఇంట్లో అందరూ చెప్పింది అక్క, ఇద్దరు కొడుకులు, బిడ్డ. నేను అత్త సంగతి అడిగిన. "ముసలామెకు ఏం సంబంధం" అన్నడు చిన్నోడు. హిందూ వారసత్వ చట్టంలో మగమనిషి వీలునామా రాయకుండా పోతే భార్య, కొడుకులు, బిడ్డలతో పాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే, సమాన వాటా. ఈ ముక్క ఊర్లలో తొంబై శాతం మందికి తెల్వదు అంటే అతిశయోక్తి కాదు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ లో తల్లి పేరు వదిలేస్తరు, తర్వాత వేరే కొడుకు ఎవరో ఆమెతో కేసు వేయిస్తే మొత్తం మొదటికొస్తది. ఇక్కడ ఆమెకి ఇంకో కొడుకు ఉన్నడు కూడా, అందుకే ఇంకా జాగ్రత్తగా ఉండాల్సి వచ్చింది. సర్టిఫికెట్ లో ఆమె పేరు చేర్పించినం.

ఎవరి పేరు మీద చేయాలన్నది ఇంకో చర్చ. కొడుకులు ముందు చెరి సగం అన్నరు. వాళ్ల ఆలోచన ఏందంటే పేర్లు రెండైతే స్కీములు రెండైతయి అని. రైతు భరోసా విషయంలో అది లెక్కే కాదు, ఎకరాల మీద ఇచ్చేది కాబట్టి రెండున్నర ఎకరాలు ఎన్ని ముక్కలు చేసినా మొత్తం 15,000 మారదు. పీఎం కిసాన్ కి అయితే 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి పేరు మీద ఉన్నవాళ్లే అర్హులు, ఆ తర్వాత వచ్చిన భూమికి మినహాయింపు పట్టాదారు చనిపోయి వారసత్వంగా వచ్చినదానికి ఉంది, భార్యగా అక్కకి అది సూటిగా వర్తిస్తది. ఇంకోటి, అక్కకి 59 కాలేదు కాబట్టి పాసుపుస్తకం ఆమె పేరు మీద వస్తే రైతు బీమా కూడా వస్తది. ఇవన్నీ చెప్పిన. వీటికంటే పెద్ద కారణం నా మనసులో ఉన్నది వేరే, దున్నేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఆమె, ఆమె పేరు మీద ఉంటేనే రేపు ముసలితనంలో ఆమె మాటకి ఇంట్లో విలువ ఉంటది. అది కూడా దాచకుండా కొడుకుల ముందే చెప్పిన. పెద్దోడు కాసేపు ఆలోచించి సరే అన్నడు.

బిడ్డ విషయంలో నేను ఒక పద్ధతి ఎప్పుడూ తప్పను. ఆడపిల్ల సంతకం పెట్టే ముందు ఆమెతో విడిగా మాట్లాడాలి, అన్నదమ్ములు, భర్త ఎవరూ పక్కన లేకుండా. ఆమెకి వాటా ఉందని, పెట్టకపోయినా ఎవరూ ఏం చేయలేరని చెప్పాలి. ఈ పిల్ల చాలా తెలివైంది. "అమ్మ పేరు మీద చేస్తే పెడ్తనన్నా, తమ్ముళ్ల పేరు మీద అయితే పెట్ట" అన్నది. ఆ ఒక్క మాటతో నా పని సగం తేలికైంది.

స్లాట్ రోజు అందరూ వచ్చిన్రు, ఇద్దరు సాక్షులు కూడా. అత్త వేలిముద్ర దగ్గర ఆగింది. డెబ్బై దాటిన చేతులు, ఎన్ని ఏండ్లు మట్టిలో, పత్తి కాయల మీద తిరిగినయో, గీతలు అరిగిపోయినయి. మెషిన్ ఎర్రగా వెలిగి ఆగుడు, మళ్లీ పెట్టుడు. ఆపరేటర్ పిల్లగాడు మంచోడు, విసుక్కోలే. చేయి కడిగించి, కొంగుతో గట్టిగ తుడిపించి, కొంచెం కొబ్బరి నూనె రాసి మళ్లీ తుడిపించి, బొటనవేలు వదిలేసి ఉంగరం వేలు పెట్టిస్తే అప్పుడు పట్టింది. ఈ నూనె రాసి తుడవడం అన్నది మీసేవ వాళ్లందరికీ తెలిసిందే, కొత్తవాళ్ల కోసం రాస్తున్న. ఆ రోజే అక్క పేరు మీద మారింది.

పేరు మారింది కదా, అయిపోయింది అనుకోవద్దు. పాత పాసుపుస్తకం నంబరు మీద ఎక్కిచ్చిన ఖాతా చనిపోయినాయనది. కొత్త పాసుపుస్తకం నంబరు ఏఈవో లాగిన్ లో కనబడేదాకా ఆగి, రైతు వేదిక కి పోయి పాసుపుస్తకం జిరాక్స్, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ ఇచ్చి ఖాతా నమోదు చేయించాలి. ప్రతి సీజన్ కి ఏ తేదీ లోపు పేరు మారిన భూముల్ని లెక్కలోకి తీసుకోవాలో ఒక కటాఫ్ పెడ్తరు, ఆ కటాఫ్ కి ఒక్క రోజు ఆలస్యమైనా ఆరు నెలలు పోయినట్టే. మేం మార్చిలోనే తొందరపడ్డది అందుకే. ఏఈవో అమ్మాయి ఒకతే ఎన్నో ఊర్లు చూసుకుంటది, ఒక్కో ఏఈవో కింద ఐదు వేల ఎకరాల దాకా ఉంటది, ఆమెని నిందించి లాభం లేదు, ఖాతా ఎక్కిచ్చినంక స్క్రీన్ మీద ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్సీ కోడ్ మనం కూడా ఒకసారి చదివి చూసుకుంటే మంచిది. ఈ మధ్య బ్యాంకులు కలిసిపోయినంక పాత కోడ్ లు చాలా మారినయి, పాసుబుక్కు మొదటి పేజీ మీద పాతదే ఉంటది. అక్కది కూడా పాత కోడే ఉండె, అక్కడే దిద్దించినం.

2025 జూన్ లో వానాకాలం రైతు భరోసా వేసిన్రు, తొమ్మిది రోజుల్లో దాదాపు 9 వేల కోట్లు అన్నరు కదా, అందులో ఈ అక్కవి 15,000. పడ్డయి గాని తీయడానికి పోతే బ్యాంకులో హోల్డ్ పెట్టిన్రు. భర్త పేరు మీద ఉన్న పాత పంట అప్పు బాకీ ఉందని ఆ బ్రాంచ్ వాళ్లు భార్య ఖాతాకి హోల్డ్ పెట్టిన్రు. ఏ బ్యాంకో రాయను. ఆమె ఆ అప్పుకి జామీను కూడా కాదు. నేను గొంతు పెంచలే, రెండు లైన్లు రాయించిన, ఈ సొమ్ము సర్కారు పెట్టుబడి సాయం, ఖాతాదారు ఆ అప్పుకి జామీను కాదు, ఏ నిబంధన కింద హోల్డ్ పెట్టారో రాతపూర్వకంగా ఇవ్వండి అని, ఒక కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు వేయించుకున్న. రాతపూర్వకంగా అన్న మాట చూడగానే హోల్డ్ తీసేసిన్రు. నోటితో వాదిస్తే ఇంకో నెల తిప్పేటోళ్లు.

దొరకకుండా తిరిగిన రెండు వేలు

పీఎం కిసాన్ కొత్త రిజిస్ట్రేషన్ ఏప్రిల్ లో పెట్టినం. దరఖాస్తులో భూమి ఎప్పుడు చేతికొచ్చింది, ఎట్ల వచ్చింది అని అడుగుతది, అక్కడ భర్త మరణం వల్ల అని ఎంచుకుని ఆయన ఆధార్ నంబరు, డెత్ సర్టిఫికెట్, కొత్త పాసుపుస్తకం ఎక్కించాలి. చాలామంది మీసేవలో తొందర్లో కొనుగోలు అని పెట్టేస్తరు, 2019 తర్వాత కొన్న భూమికి ఎట్లాగూ ఇవ్వరు కాబట్టి వెంటనే రిజెక్ట్. ఆపరేటర్ పక్కన కూర్చుని ఆ ఒక్క డబ్బా చూసుకోండి చాలు.

తర్వాత ఈకేవైసీ, అంటే ఆధార్ తో మనిషి ఆమేనా అని సరిచూసుడు. అక్కవి కూడా వేళ్లు పట్టలే. ఆధార్ కి ఫోన్ నంబరు భర్తది లింకై ఉంది, ఆ సిమ్ ఎప్పుడో బందైంది, ఓటీపీ రాదు. 2023 జూన్ నుంచి పీఎం కిసాన్ యాప్ లో ముఖం చూపించి చేసే సౌకర్యం వచ్చింది, చిన్నోడి ఫోన్ లో యాప్ వేసి, వాకిట్లో ఎండ పడేచోట నిలబెట్టి కండ్లు ఆర్పమంటే అయిపోయింది. ఇది వచ్చినంక మా పని ఎంత తగ్గిందో, వేలిముద్రల కోసం కూలి వదులుకుని వచ్చి ఉత్త చేతులతో పోయిన ముసలోళ్లని ఎంతమందిని చూసిన్నో.

ఆగస్ట్ 2 న 20వ విడత వేసిన్రు. ఊర్లో అందరికీ పడ్డయి. అక్క రెండు పాసుబుక్కులూ ప్రింట్ కొట్టిస్తే లేవు. పోర్టల్ లో స్టేటస్ చూస్తే ల్యాండ్ సీడింగ్ (భూమి వివరాలు పేరుకి లింకైనయా అన్నది) ఎస్, ఈకేవైసీ ఎస్, ఆధార్ బ్యాంకు సీడింగ్ ఎస్, పైసలు పోయినయి అని ఉంది. ఇట్లాంటప్పుడు జనం సైట్ అబద్ధం చెప్తోంది అనుకుంటరు. అబద్ధం కాదు, పైసలు నిజంగానే పోయినయి, మనకి తెల్వని చోటికి పోయినయి.

ఆధార్ తో వచ్చే పైసలు ఎప్పుడూ ఆధార్ కి చివరిసారి లింకైన బ్యాంకుకే పోతయి. అది ఏ బ్యాంకో తెలుసుకోవాలంటే ఆధార్ సైట్ లో బ్యాంకు సీడింగ్ స్టేటస్ చూడొచ్చు, ఆధార్ కి ఫోన్ నంబరు లింకై ఉండాలి. ముందు ఆధార్ సెంటర్ కి పోయి చిన్నోడి నంబరు లింక్ చేయించినం, తర్వాత చూస్తే మూడో బ్యాంకు పేరు వచ్చింది. అక్కకి ఆ బ్యాంకులో ఖాతా ఉన్నట్టే యాది లేదు. అడగ్గా అడగ్గా తేలింది, కరోనా టైంలో 2020 లో ఆడవాళ్ల జన్ ధన్ ఖాతాల్లో నెలకి 500 చొప్పున మూడు నెలలు వేసిన్రు కదా, అప్పుడు ఊర్లోకి బ్యాంకు మిత్ర (బ్యాంకు తరఫున ఊర్లలో పని చేసేటాయన) వచ్చి చెట్టుకింద కూర్చుని ఖాతాలు తీసిండు, ఈమె కూడా వేలు పెట్టింది, పాసుబుక్కు ఇవ్వలే, ఆమె అడగలే. లింకు ఆ రోజు నుంచి అక్కడికే ఉంది. బ్యాంకు మిత్ర దగ్గర చిన్న మెషిన్ మీద ఆ బ్యాంకు ఎంచుకుని బ్యాలెన్స్ చూపిస్తే స్లిప్ వచ్చింది. 2,000 అందులోనే ఉన్నయి. వాటితో పాటు ఉపాధి హామీ కూలి పైసలు కూడా కొన్ని ఉన్నయి, ఆ కూలి పడలేదని ఆమె ఫీల్డ్ అసిస్టెంట్ తో ఏడాది నుంచి మాట్లాడట్లేదు. ఆ స్లిప్ చేతిలో పట్టుకుని ఆమె చాలాసేపు ఏం అనలే, తర్వాత "ఆ పిలగాన్ని ఊకెనే తిట్టిన" అన్నది.

ఇప్పుడు లింకు మార్చాలా వద్దా. చాలామంది వెంటనే మార్చేస్తరు. నేను తొందరపడొద్దంటా. ఆ లింకు మీద ఒక్క పీఎం కిసాన్ కాదు, ఉపాధి కూలి, గ్యాస్ సబ్సిడీ అన్నీ నడుస్తయి, మారిస్తే అన్నీ ఒకేసారి మారుతయి, విడతకి నాలుగు రోజుల ముందు మారిస్తే మధ్యలో ఇరుక్కునే అవకాశం ఉంది. ఈ కేసులో ఆమెకి బ్రాంచ్ మండల కేంద్రంలో ఉంది, బీమా పైసల ఎఫ్ డీ కూడా అందులోనే, చదువు రాని మనిషికి మూడు ఖాతాలు గుర్తుంచుకోవడం కష్టం, అందుకే విడత పడి పోయినంక సెప్టెంబర్ లో బ్రాంచ్ కి పోయి ఆధార్ సీడింగ్ ఫారం నింపి మార్పించినం. నవంబర్ 19 న 21వ విడత సరిగ్గా ఆ పాసుబుక్కులోనే పడ్డది. ఆగస్టులో ఏఈవో ఆమె పేరు రైతు బీమాలో కూడా ఎక్కిచ్చింది, నామినీ ఎవరు అంటే బిడ్డ పేరు చెప్పింది.

ఆధార్ లో పుట్టినతేదీ గురించి ఒక్క మాట. మా దిక్కు పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్ లో జనవరి 1 ఉంటది, సంవత్సరం కూడా అందాజ. అక్కకి ఓటరు కార్డు కంటే ఆధార్ లో నాలుగేండ్లు ఎక్కువ పడ్డయి. బీమా ఆధార్ లో వయసే చూస్తది. నాలుగేండ్ల బీమా కాగితం మీదనే పోతోంది. దాన్ని దిద్దడానికి సరైన రుజువు ఆమె దగ్గర లేదు, బడికి పోలేదు కాబట్టి సర్టిఫికెట్ లేదు. ఇది అట్లనే ఉంది.

మిగతా మూడెకరాలు

ఇప్పటిదాకా రాసింది రెండున్నర ఎకరాల గురించి. ఆమె దున్నే భూమిలో సగం కంటే ఎక్కువ ఇంకా బయటే ఉంది, కేసు గెలిచినం అని నాకు అనిపించకపోవడానికి కారణం ఇదే.

సదాబైనామా ఎకరం రికార్డులో ఇంకా అమ్మినాయన కొడుకు పేరు మీద ఉంది. 2009 నుంచి వీళ్లే దున్నుతున్నరు, ఊరంతా చెప్తది. కానీ 2018 నుంచి ఆ ఎకరానికి రైతు బంధు మొదట ఏడాదికి 8 వేలు, తర్వాత 10 వేలు, ఇప్పుడు 12 వేలు, హైదరాబాద్ లో ఉండే ఆ కొడుకు ఖాతాకి పోతోంది. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి అడిగించినం. నా పేరు మీద ఉంది కాబట్టి నాకు పడ్తున్నయి, నేను అడిగి వేయించుకున్ననా అన్నడు. అమ్మకం జరగలేదని మాత్రం అనలే, అది ఊరి ముందు ఒప్పుకున్నడు, ఆ ఒప్పుకోలు మాకు ముఖ్యం కాబట్టి ఆ రోజు మినిట్స్ రాసి సంతకాలు తీసుకున్నం. పాత పైసలు తిరిగి రాబట్టడం కష్టమని అక్కకి చెప్పిన, ముందు పట్టా మీద దృష్టి పెడదామన్న.

భర్త ముందుచూపు ఉన్న మనిషి, 2020 అక్టోబర్, నవంబర్ లో సదాబైనామాల్ని పట్టా చేయడానికి దరఖాస్తులు తీసుకున్నప్పుడు మీసేవలో పెట్టి రసీదు దాచిండు. ఆ తర్వాత హైకోర్టు స్టే తో ఆ దరఖాస్తులు లక్షల్లో ఏండ్లకేండ్లు ఆగినయి, 2025 ఆగస్టులో ఆ అడ్డు తొలిగింది. ఆ రసీదు లేకపోతే ఈ రోజు మాకు ఏ దారీ లేదు. ఆ చిన్న కాగితం మందుల చీటీల మధ్యలో దొరికింది, అందుకే ఎవరైనా కవర్ తెస్తే నేను మొత్తం కింద పోసి ఒక్కొక్కటి చూస్తా, చీటీలు కూడా.

కౌలు రెండెకరాల గురించి రాయాలంటే కోపం వస్తది. పట్టాదారు టౌన్ లో ఉంటడు, మంచోడే, కౌలు పెంచమని వేధించడు. ఎకరానికి పది వేలు కౌలు అక్క కడ్తది. సర్కారు ఎకరానికి 12 వేలు ఆయనకే ఇస్తది. విత్తనం, మందు, కూలి, అప్పు, గులాబీ పురుగు, వాన, అన్నీ అక్కవి. సీసీఐ (పత్తి కొనే కేంద్ర సర్కారు సంస్థ) కి పత్తి అమ్మాలన్నా పాసుపుస్తకం ఆయనదే కావాలి, ఆయన ఊర్లో లేకపోతే ప్రైవేటు వాడికి తక్కువకి పోసి రావాలి. పెట్టుబడి సాయం అని పేరు పెట్టినప్పుడు అది పెట్టుబడి పెట్టే మనిషికి పోవాలి. కౌలు రైతులకి కూడా ఇస్తమని ఎలక్షన్ ముందు చెప్పిన్రు, ఇప్పటిదాకా పట్టాదార్లకే. ఆంధ్రాలో 2019 చట్టం కింద కౌలు రైతుకి ఇచ్చే పదకొండు నెలల సీసీఆర్సీ (పంట సాగుదారు హక్కు) కార్డు ఉంది, కానీ దానికి భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి, చాలామంది పెట్టరు, అయినా కాగితం మీద కౌలు రైతు అనే మనిషి అక్కడ కనబడతడు. మా దగ్గర అది కూడా లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 లో తెచ్చిన కౌలు రైతు చట్టం ఉంది, దాని కింద రుణ అర్హత కార్డులు ఇచ్చేవాళ్లు, రైతు బంధు వచ్చినంక ఆ కార్డు ఇప్పించమని అడిగితే పట్టాదార్లు భయపడుతున్నరు, కార్డు ఇస్తే నా రైతు బంధు పోతదేమో అని. సాయం పట్టాకి కట్టినందువల్ల కౌలుదారుకి ఇంతకుముందు ఉన్న కొంచెం గుర్తింపు కూడా తగ్గింది, ఇది నేను మా మండలంలో కండ్లారా చూస్తున్న.

ఈ రెండెకరాల విషయంలో నేను చేయగలిగింది చిన్నది. పట్టాదారుతో మాట్లాడి, వచ్చే సీజన్ నుంచి కౌలులో ఎకరానికి 3 వేలు తగ్గించేటట్టు, పంట నష్టం పరిహారం ఏదైనా వస్తే అది అక్కకే ఇచ్చేటట్టు కాగితం రాయించిన. చట్టం ముందు ఆ కాగితానికి ఎంత బలముందో చెప్పలేం, కానీ ఆయన మాట మీద నిలబడే మనిషి.

సదాబైనామా ఫైలు ప్రస్తుతం ఆర్డీవో ఆఫీసులో ఉంది. దరఖాస్తుదారు చనిపోయిండు కాబట్టి వారసురాలిగా అక్కని చేర్చమని పిటిషన్ ఇచ్చినం, దాంతో పాటు 2009 కాగితం జిరాక్స్, 2020 రసీదు, పెద్దమనుషుల మినిట్స్, గట్టు పక్క రైతులు ఇద్దరి వాంగ్మూలాలు జతచేసినం. హియరింగ్ నోటీసు రావాల్సి ఉంది.